మేకు మీద పది రోజుల నడక

గాదెలపాలెం సంతరోడ్డు మలుపులో జక్రయ్య అని చెప్పులు కుట్టేవాడు ఒకడు ఉండేవాడు. చెయ్యి తిరిగిన పనివాడే గానీ, ఎవరు గట్టిగా అరిస్తే వాళ్ళదే నొప్పి, అరవనివాళ్ళకి నొప్పే లేదు అనుకునే రకం.

అతని కొట్టంటే గోడవారగా పరిచిన గోనెపట్టా, మూడు కాళ్ళ ఇనుప దిమ్మ, తోలుకి బెజ్జాలు వేసే ఆరె, దారపుండలు, వచ్చినవాళ్ళు కూర్చోడానికో బల్ల, పక్కన పాత లారీ టైర్ల గుట్ట. అంతే. భార్య సలోమి పక్కనే కూర్చుని పట్టీలు కోసేది. చుట్టుపక్కల చెరకు తోటల్లో దిగే కూలీలందరి కాళ్ళకీ జక్రయ్య కుట్టిన టైరు చెప్పులే ఉండేవి. చెరకు నరికాక నేలలో మిగిలే మోళ్ళు కత్తుల్లా ఉంటాయి. వాటి మీద నడవాలంటే టైరే దిక్కు.

టైరు చెప్పుకి మేకులు కొట్టాలి. కొట్టాక ప్రతి మేకు కొననీ వంచి అణగ్గొట్టి, లోపల చెయ్యి పెట్టి అంగుళం అంగుళం తడిమి చూడాలి. జక్రయ్య తండ్రి అలాగే చేసేవాడు. జక్రయ్యకి అంత ఓపిక లేదు.

"తడమడం నా పని కాదే. వేసుకున్నవాడి పని," అనేవాడు సలోమితో. "ఎక్కడైనా గుచ్చుకుంటే తెల్లారేసరికి వాడే లబోదిబోమని వస్తాడు. అప్పుడు రెండు దెబ్బలేస్తే సరి."

"అయితే నీ తనిఖీ అంతా ఊళ్ళోవాళ్ళ అరికాళ్ళతోనే అన్నమాట," అని సలోమి దెప్పేది.

జక్రయ్య నవ్వేసేవాడు. నిజం ఒప్పుకోవాలి, ఇరవై ఏళ్ళుగా ఆ పద్ధతి బాగానే నడిచింది. చెప్పులు తొడిగించి, ఎదురుగా ఉన్న టీ కొట్టుదాకా నడిచి రమ్మనేవాడు. "కరుస్తున్నాయా?" అని అడిగేవాడు. కరుస్తున్నాయంటే విప్పి సరిచేసేవాడు. లేదంటే ఆ మనిషిని అక్కడితో మరిచిపోయేవాడు. రైసుమిల్లు నాయుడుగారికి కొత్త పట్టీ చిటికెన వేలిని కాస్త రాసుకుంటే ఏడుసార్లు కబురొచ్చింది. ఏడుసార్లూ జక్రయ్య సామాను సంచీ భుజాన వేసుకుని ఇంటికే పోయాడు. ఆ వేలు ఎర్రబడిందని పట్నం నుంచి కారులో డాక్టరు కూడా వచ్చాడు. "అడగందే అమ్మయినా పెట్టదు. నోరున్నవాడిదే ఊరు," అని జక్రయ్య తిరిగొచ్చి టీ తాగుతూ అందరికీ చెప్పాడు.

ఆ ఏడు గానుగలు మొదలైన రోజుల్లో నూకాలు అనే ఆమె అతని దగ్గరికి వచ్చింది. ఊరి పక్కన పారే గెడ్డ అవతలి పాకల్లో ఉంటుంది. బెల్లం వండే చోట పొయ్యిలోకి చెరకు పిప్పి ఎగదోసే పని. ముప్పై అయిదేళ్ళుంటాయేమో. మనిషి సన్నగా, మాట నెమ్మదిగా ఉంది. ఒక కాలికే చెప్పుంది.

"రెండోదేదమ్మా? కుక్క పట్టుకుపోయిందా?" అన్నాడు జక్రయ్య.

"దారిలో ఎక్కడో జారిపోయిందన్నా. ఇంటికెళ్ళి చూసుకుంటే లేదు."

"కాలినున్న చెప్పు జారిపోతే ఇంటికెళ్ళేదాకా తెలీలేదా! ఏ లోకంలో నడుస్తావు తల్లీ?"

టీ కొట్టు దగ్గరున్నవాళ్ళు నవ్వారు. నూకాలు కూడా నవ్వింది. "వెనకాల పట్టీ ఒకటి వెయ్యన్నా. అప్పుడు జారవు," అంది. ఇలా జారిపోవడం అది మూడోసారని మాత్రం అనలేదు. జక్రయ్య అడగనూ లేదు.

గిరాకీ ఎక్కువగా ఉంది. జక్రయ్య గబగబా టైరు కోశాడు, పట్టీలు దించాడు, మేకులు దిగ్గొట్టాడు, వెనకపట్టీ బిగించాడు. నూకాలు తొడుక్కుని టీ కొట్టుదాకా వెళ్ళి వచ్చింది.

"కరుస్తున్నాయా?"

"లేదన్నా. దూది మీద నడిచినట్టుంది."

జక్రయ్య ముఖం చాటంత అయింది. ఆమె వెళ్ళిపోయాక కూడా ఆ మాట వదల్లేదు. "విన్నావా సన్యాసిరావూ? దూది మీద నడిచినట్టుందంట! నాయుడుగారు వెళ్ళి ఆవిడ దగ్గర నేర్చుకోవాలి," అని టీ కొట్టతన్ని పిలిచి మరీ చెప్పాడు. పది రోజులు గడిచాయి. నూకాలు ఫిర్యాదుకి రాలేదు. తన ఇరవై ఏళ్ళ పనిలో ఇంత చక్కగా కుదిరిన జత లేదని జక్రయ్య మురిసిపోయాడు.

పదకొండో రోజున ఆమే వచ్చింది. చేతిలో ఆకుపొట్లం ఉంది. అందులో వేడి తగ్గని కొత్త బెల్లం.

"నీకే అన్నా. నా కాలికి ఇంత సుఖంగా ఎవరూ కుట్టలేదు," అంది. బల్ల మీద కూర్చుని, ఈ ఏడు చెరకు బాగుందని, పాకం తొందరగా తిరుగుతోందని చెప్పడం మొదలెట్టింది.

సలోమి మాత్రం ఆమె ముఖం చూడటం లేదు. ఆమె నడిచి వచ్చిన దారి చూస్తోంది. మురిక్కాలవ మీది బండ మీద, రోడ్డు మీద, గోనెపట్టా అంచు మీద, అడుగుకొకటి చొప్పున ఎర్రటి మరకలు. వాటి మీద అప్పుడే ఈగలు వాలుతున్నాయి.

"ఓలమ్మా! నీ కాలు చూసుకోవే!" అని సలోమి కేకేసింది.

నూకాలు వంగి చూసింది. ఎవరి కాలో చూసినట్టు చూసింది. "అవును సుమీ. తడిగా ఉంది," అంది.

జక్రయ్య గబుక్కున ముందుకి జరిగి వెనకపట్టీ విప్పాడు. చెప్పు లాగాడు. రాలేదు. పాదంతో పాటే కదిలింది. మడమ పట్టుకుని మళ్ళీ లాగాడు. నూకాలు ఇంకా పాకం సంగతే చెబుతోంది. మధ్యలో ఆగి, "ఏటన్నా, బిగుసుకుందా?" అని అడిగింది, గాజు బిగుసుకుందా అని అడిగినంత మామూలుగా.

మూడోసారికి వచ్చింది. చెప్పులోంచి అర అంగుళం మేర మేకు నిలబడి ఉంది. వంచని మేకు. అతను తడమని మేకు. అది నూకాలు పాదంలో, చిటికెన వేలి మొదట్లో, పది రోజులుగా పొద్దునా సాయంత్రం దిగుతూ పైకి వస్తూ ఉంది. ఆ మేకు మీద ఆమె గెడ్డ దాటింది. చెరకు మోళ్ళ మీద నడిచింది. పొయ్యి ముందు రోజంతా నిలబడింది. నిలబడి, అతను మంచివాడని నలుగురికీ చెప్పుకుంది.

జక్రయ్య జీవితంలో వేల పాదాలు పట్టుకున్నాడు. పాదం సంగతి తనకి తెలిసినంత ఎవరికీ తెలియదని అనుకునేవాడు. ఇప్పుడు చేతిలో ఉన్న ఆ పాదాన్ని చూసి అతనికి ఒళ్ళు జలదరించింది. ఇంత గాయం మోస్తూ కిక్కురుమనని పాదం లోకంలో ఉంటుందా!

టీ కొట్టు సన్యాసిరావు దూరం నుంచే తొంగి చూశాడు. "ఒరే జక్రయ్యా, ఆవిణ్ణి లేపెయ్యరా. అది పెద్దరోగం. మా చినతాతకి ఇలాగే స్పర్శ పోయింది. ఆ బల్ల కడుగు ముందు," అన్నాడు. టీ తాగుతున్నవాళ్ళు గ్లాసులు పెట్టేసి జరిగారు.

పెద్దరోగం అంటే కుష్టు. ఆ మాట వినగానే జక్రయ్య కూడా భయపడ్డాడు. చేతులు వెనక్కి తీసుకుని తువ్వాలుతో తుడుచుకున్నాడు. తుడిచి, మళ్ళీ తుడిచాడు.

"ఏమయ్యా," అంది సలోమి. "మేకు వంచడానికి తీరిక లేకపోయింది గానీ, చేతులు తుడుచుకోవడానికి గుడ్డ మాత్రం దొరికిందా నీకు?"

జక్రయ్య చేతిలో తువ్వాలు అలాగే ఆగిపోయింది. ఆ తువ్వాలునే చింపి, నూకాలు పాదానికి కట్టు కట్టాడు.

నూకాలు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పాదం కోసం కాదు. "గెడ్డ అవతల ఎవరికీ తెలియనియ్యకు అన్నా. గానుగ మేస్త్రీకి తెలిస్తే నన్ను పొయ్యి దగ్గరికి రానివ్వడు. పొయ్యి దగ్గరికి రానివ్వకపోతే నా కూతురు ఏం తింటుంది?" అంది.

"ఎన్నాళ్ళనుంచి?"

"నా కూతురు పుట్టిన ఏడు పిక్క మీద మచ్చ వచ్చింది. ఇప్పుడు దానికి తొమ్మిదేళ్ళు."

"తొమ్మిదేళ్ళు! ఎవరికీ చూపించలేదా?"

"ఆసుపత్రికి నడిచి పోయి రావడానికే ఒక పూట పోతుంది. ఒక పూట చీటీ కోసం వరసలో నిలబడాలి. ఒక రోజు నాగా పెడితే మేస్త్రీ వేరే మనిషిని పెట్టుకుంటాడు. దురద లేదు, మంట లేదు. నొప్పి లేని మచ్చ కోసం ఎవరు పోతారన్నా?" నూకాలు కొంగుతో ముక్కు తుడుచుకుంది. "ఏడాదికోసారి ఆసుపత్రి నుంచి ఎవరో వస్తారు. గెడ్డ ఇవతలే నిలబడి, 'ఎవరికైనా మచ్చలున్నాయా?' అని కేకేస్తారు. అంతమందిలో ఉన్నాయని ఎవరంటారు? ఎవరూ అనరు. లేవని రాసుకుని వెళ్ళిపోతారు."

జక్రయ్య తల దించుకున్నాడు. కరుస్తున్నాయా అని అడగడం, లేదంటే మరిచిపోవడం. గెడ్డ గట్టు మీద కేకేసినవాళ్ళూ తనూ ఒక్కటేనని అతనికి అర్థమైంది.

ఆ రోజే ఆమెని సైకిల్ వెనక కూర్చోబెట్టుకుని, సలోమి పక్కన నడుస్తూ ఉండగా, పెద్ద ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. అక్కడి డాక్టరమ్మ గాయం కడిగి చూసి, ముందు అడిగిన మాట ఒకటే.

"ఈ చెప్పులు ఎవరు కుట్టారు?"

జక్రయ్య నూకాలు వైపు చూశాడు. సంతలో కొన్నవని అనొచ్చు. నూకాలు కాదనదు కూడా. ఆమె అతని వైపు చూడనైనా లేదు.

"నేనేనండీ," అన్నాడు. "మేకు కొన వంచలేదు. చెయ్యి పెట్టి చూడలేదు. ఆవిడ బాగున్నాయంటే నమ్మేశాను."

డాక్టరమ్మ ఆ చెప్పు పక్కన పెట్టింది. గాలపు దారంలాంటి సన్నటి పోగు ఒకటి తీసింది. నూకాలుని కళ్ళు మూసుకోమంది. ఎక్కడ తగిలితే అక్కడ వేలు పెట్టి చూపించమంది. ఆ పోగుతో అరికాలి మీద ఒక్కొక్కచోటా తాకించింది. వేళ్ళ కింద, మధ్యలో, మడమ మీద. పది చోట్లు అయ్యాయి. నూకాలు చేతులు ఒళ్ళోనే ఉన్నాయి.

"మొదలెట్టారా డాక్టరమ్మా?" అని అడిగింది.

సలోమి కిటికీ వైపు తిరిగింది.

జక్రయ్య తన చెప్పు విడిచాడు. "నాకొకసారి చూడండమ్మా," అన్నాడు. కళ్ళు మూసుకున్నాడు. బండబారిన పాదం అతనిది, నలభై అయిదేళ్ళు నేలని తొక్కినది. ఆ పోగు తగలగానే చీమ కాలు మోపినట్టయింది. వెంట్రుక బరువు కూడా లేని ఆ తాకిడి అరికాలి నుంచి బయలుదేరి, కాలంతా పాకి, నడినెత్తిన గంట కొట్టింది. జక్రయ్య ఉలిక్కిపడి కళ్ళు తెరిచాడు. తను నిద్రపోతున్నా, తాగి ఉన్నా, పరధ్యానంలో ఉన్నా, ఈ కావలివాడు మెలకువగానే ఉన్నాడన్నమాట! ముల్లు లోతుగా దిగకముందే హెచ్చరించి, నిప్పు కాల్చకముందే కాలు లాగేసే ఈ కావలిని ఎవరు పెట్టారు? అడక్కుండానే వచ్చింది. ఇన్నాళ్ళూ దాన్ని నొప్పి అని తిట్టుకున్నాడు. ఆ కావలి లేకుండా తొమ్మిదేళ్ళు నడిచిన మనిషి పక్కనే కూర్చుని ఉంది. ఆమె ముందు తన ఇరవై ఏళ్ళ పనితనం చాలా చిన్నదనిపించింది.

"మాత్రలు ఉచితంగా ఇస్తాం," అంది డాక్టరమ్మ. "ఏడాది పాటు మానకుండా వేసుకోవాలి. మొదలెట్టిన కొద్ది రోజులకే ఇది ఇంకొకరికి అంటదు. రోగం ఆగుతుంది. కానీ ఇంతకాలం ముదిరింది కదా, పోయిన స్పర్శ తిరిగి వస్తుందని మాట ఇవ్వలేను. మొదటి ఏడే వచ్చి ఉంటే ఇంతదాకా వచ్చేది కాదు." నూకాలు భుజం మీద చెయ్యి వేసింది. "ఇకనుంచి నీ పాదం పని నీ కళ్ళే చెయ్యాలమ్మా. రోజూ కడుక్కో, తుడుచుకో, అద్దం పెట్టి అడుగు చూసుకో. మేకుల్లేని మెత్తటి చెప్పులు కావాలి. అవి కుట్టేవాళ్ళు ఈ దగ్గర్లో లేరు."

"ఉన్నారండీ," అంది సలోమి మొగుడి వైపు చూస్తూ. "ఇవాళే పుట్టాడు."

గాయం మానడానికి రెండున్నర నెలలు పట్టింది. పాదం దక్కింది. చిటికెన వేలు మాత్రం దక్కలేదు. నూకాలు పాకల్లో అందరికీ మేకు గుచ్చుకుందనే చెప్పి, కట్టుకాలితోనే పొయ్యి దగ్గర కూర్చుని పని చేసుకుంది. సలోమి వారానికి రెండుసార్లు వెళ్ళి కట్టు మార్చి వచ్చేది. జక్రయ్య ఈలోగా మూడు జతలు కుట్టి మూడూ తనే పాడుచేశాడు. నాలుగో జతకి మెత్తటి రబ్బరు పరిచాడు. మేకు ముట్టుకోలేదు. అంతా దారంతో, జిగురుతో పని. అయ్యాక కళ్ళు మూసుకుని లోపల అరచెయ్యి పెట్టి, గట్టిగా నొక్కుతూ, అంగుళం అంగుళం తడిమాడు. దారపు ముడి ఒకటి ఆవగింజంత తగిలితే విప్పి మళ్ళీ కుట్టాడు.

ఆ జత ఇవ్వడానికి అతనే గెడ్డ దాటి పాకలకి వెళ్ళాడు. వెళ్తూ ఇంకొకటి కూడా మనసులో పెట్టుకున్నాడు. వెనకపట్టీ అడిగినవాళ్ళు, జారిన సంగతే తెలియక దారిలో చెప్పు పోగొట్టుకున్నవాళ్ళు ఆ పాకల్లో ఇంకా ఉన్నారు. వాళ్ళందరూ అతని దగ్గరికి వచ్చినవాళ్ళే. అతను అందరితోనూ వేళాకోళమాడినవాడే.

గానుగకి సెలవు రోజు. అందరూ ఇళ్ళ దగ్గరే ఉన్నారు. "కాళ్ళు ఒకసారి చూపిస్తారా?" అని జక్రయ్య అడిగాడు. ఆడవాళ్ళు పాదాల మీదికి చీర లాక్కున్నారు. మగవాళ్ళు లేచి నిలబడ్డారు.

"మాకేం రోగాల్లేవు. చెప్పులమ్ముకోడానికొచ్చావా, పరువు తియ్యడానికొచ్చావా?" అన్నాడు గానుగ మేస్త్రీ బంగార్రాజు. అతని ఇల్లు కూడా అక్కడే.

జక్రయ్య కొత్త చెప్పులు చంకలో పెట్టుకుని నిలబడ్డాడు. అప్పుడు నూకాలు ఇంట్లోంచి ఇత్తడి పళ్ళెంలో నీళ్ళు తెచ్చింది. వాకిట్లో అందరి మధ్యా పీట వేసుకుని కూర్చుంది. చీర కుచ్చెళ్ళు పైకి దోపింది. వేలు లేని పాదాన్ని నీళ్ళలో పెట్టింది.

"నాకు తొమ్మిదేళ్ళుగా పెద్దజబ్బు ఉంది," అంది. "మందు తింటున్నాను. ఇక ఎవరికీ అంటదని డాక్టరమ్మ అంది. కాలు ఇలా కడుక్కోవాలి. ఇలా తుడుచుకోవాలి. వేళ్ళ సందుల్లో కూడా." పాదం ఎత్తి, కూతురు పట్టుకున్న అద్దంలో అడుగు భాగం చూసుకుంది. తలదువ్వుకునే పిల్ల ముఖం చూసుకున్నంత శ్రద్ధగా చూసుకుంది.

ఆ గుండె దిటవుని చూసి జక్రయ్యకి చేతులెత్తి మొక్కాలనిపించింది. మేకు మీద పది రోజులు నడవడం ఆమెకి తెలియకుండా జరిగింది. ఇది మాత్రం తెలిసి నడుస్తున్న నడక. ప్రతి అడుగూ గుచ్చుకుంటోందని ఆమె ముఖమే చెబుతోంది.

"రేపట్నుంచి గానుగ దగ్గరికి రాకు నూకాలూ," అన్నాడు బంగార్రాజు.

నూకాలు తల ఊపింది. పాదం తుడుచుకుంటూనే ఉంది.

అప్పుడు బంగార్రాజు వెనకనుంచి ఒక ముసలామె కర్ర పొడుచుకుంటూ వచ్చింది. అతని తల్లి. కొడుకుని ఒక చేత్తో పక్కకి తోసి, నూకాలు పక్కన నేల మీద చతికిలబడింది. మాసిన గుడ్డ చుట్టిన పాదాన్ని జక్రయ్య ముందుకి చాపింది.

"ముందు నాది చూడు నాయనా," అంది. "మూడేళ్ళుగా కడుతున్నాను ఈ గుడ్డ. వీడికి చూపిస్తే నన్ను కూడా ఇంట్లోకి రావద్దంటాడేమోనని."

బంగార్రాజు తల్లి పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, ఆ గుడ్డ ముడి తనే విప్పాడు.

జక్రయ్య కొత్త చెప్పులు నూకాలు పీట పక్కన పెట్టి నేల మీద వంగాడు. ఎవరినీ ఏమీ అడగలేదు. ఆ ముసలి పాదాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని, వెలుతురు వైపు తిప్పి, అంగుళం అంగుళం చూశాడు. తలెత్తేసరికి అతని చుట్టూ ఇంకా అయిదు జతల పాదాలు వచ్చి ఆగాయి. ఎండలో, దుమ్ములో. నూకాలు కొత్త చెప్పులు తొడుక్కుని, పళ్ళెంలో నీళ్ళు మార్చడానికి లేచింది. మర్నాడు ఆమెని గానుగ దగ్గర ఎవరూ ఆపలేదు. పొయ్యికి దూరంగా, పిప్పి ఎండబెట్టే చోట ఆమెకి పని చూపించింది బంగార్రాజే.

నీతి: పేదవాడు అరవలేదంటే అతనికి గాయం లేదని కాదు; బాగున్నానన్న మాట విని సరిపెట్టుకోకుండా, మనమే వెళ్ళి, వంగి, కళ్ళారా చూడటమే మనిషి ధర్మం.